ప్రాచీన ప్రపంచం మీద ఏడాది పాటు చదువు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో వెళ్లాలి?

తాళపత్రం:
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది మొత్తం ప్రాచీన చరిత్రకే ఇద్దామని ఉంది. హెరొడోటస్, థుసిడిడీస్, లివీ, ప్లూటార్క్ లాంటి పాత గ్రీకు, రోమన్ రచయితల్ని అనువాదాల్లో చదివాను, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లడం కాదు నాక్కావలసింది. ఈ 80, 90 ఏళ్లలో చరిత్రకారులు, తవ్వకాలు జరిపినవాళ్లు ఆ కాలం గురించి ఏం తేల్చారు, దేని మీద ఇంకా కొట్లాడుకుంటున్నారు అన్నది తెలుసుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాణ్ని కాబట్టి నెలకో పెద్ద పుస్తకం, వీలైతే పక్కన ఒకటో రెండో వ్యాసాలు, అంతకు మించి కుదరదు. జనవరిలో సుమేరు, ఫిబ్రవరిలో ఈజిప్టు, అలా వరసగా వచ్చి డిసెంబరుకి రోమ్ పతనం, ఇదీ ప్రస్తుతానికి గీసుకున్నది. ఇలా కాలక్రమంలో వెళ్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫుట్‌నోట్:
కాలక్రమం పెట్టుకుంటే నెలకో సర్వే పుస్తకం చదువుతారు. ఏడాది చివర మీ దగ్గర పన్నెండు సారాంశాలు మిగులుతాయి, వాటిలో దేన్ని ఎందుకు నమ్మాలో మాత్రం తెలియదు. మీరే అన్నారు కదా దేని మీద కొట్లాడుకుంటున్నారో తెలుసుకోవాలని, అయితే ప్లాన్ కూడా ఆ కొట్లాటల చుట్టూనే వేసుకోండి. ఒక ప్రశ్న పట్టుకుని, దానికి ఎదురెదురుగా నిలబడ్డ రెండు పుస్తకాలు వెంటవెంటనే చదవండి. మధ్యలో గ్యాప్ వస్తే మొదటివాడి వాదన మనసులోంచి జారిపోయి, రెండోవాడు చెప్పిందే నిజమనిపిస్తుంది.

ఉదాహరణకి ఆర్థిక వ్యవస్థ సంగతే చూడండి. రొస్తోవ్‌త్సెఫ్ 1926లో రోమన్ సామ్రాజ్యపు సామాజిక, ఆర్థిక చరిత్ర రాశాడు. అందులో పట్టణాలు, వ్యాపారులు, ఒక మధ్యతరగతి, దాదాపు మన కాలపు ప్రపంచమే కనబడుతుంది. విప్లవం తరవాత రష్యా వదిలి వచ్చినవాడు ఆయన, 3వ శతాబ్దపు సంక్షోభాన్ని పట్టణ సంపన్నుల మీద పల్లెల నుంచి వచ్చిన సైనికులు తిరగబడటంగా చూశాడు. ఆ పోలిక ఎక్కణ్నుంచి వచ్చిందో చదువుతుంటేనే తెలిసిపోతుంది. 1973లో ఫిన్లే 'ది ఏన్షియంట్ ఎకానమీ' రాసి ఇదంతా కుదరదన్నాడు. ఆ మనుషులకి లాభం కంటే హోదా ముఖ్యం, డబ్బు చేతికొస్తే భూమి కొంటారు, పట్టణం తయారుచేసేదాని కంటే వాడుకునేదే ఎక్కువ, మన మార్కెట్ లెక్కలు అక్కడికి తీసుకెళ్లొద్దు, ఇదీ ఆయన మాట. ఆ తరవాత ఈ రంగంలో రాసిన ప్రతి ఒక్కరూ ఆయన్ని సమర్థించో ఎదిరించో రాయాల్సి వచ్చింది. ముందు బర్కిలీలో ఉపన్యాసాలుగా చెప్పింది కాబట్టి పుస్తకం చిన్నది, మాట సూటిగా ఉంటుంది. జనవరి దానికి ఇవ్వండి.

ఇటుకరాత:
ఫుట్‌నోట్ గారి పద్ధతి నాకూ నచ్చింది. కానీ ఫిన్లే పక్కన చదవాల్సింది ఇంకో రోమ్ పుస్తకం కాదని నా అభిప్రాయం. ఫిన్లే మొదట్లోనే పశ్చిమాసియాని పక్కన పెట్టేశాడు, అక్కడ అంతా రాజభవనాలు, ఆలయాల చేతుల్లో ఉండేదని. ఆయన మీద బాగా ప్రభావం చూపిన ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలాని అయితే 1957లో ఇంకా ముందుకెళ్లి, బాబిలోన్ రాజు హమ్మురాబి కాలం నాటి వర్తకంలో మార్కెట్టూ లేదు, రిస్కూ లేదు అని రాశాడు. ఆయన ప్రధానంగా ఆధారపడింది కానేష్ మట్టిపలకల మీద.

ఇప్పుడు ఆ కానేష్ సంగతి చూడండి. టర్కీలో కైసరి దగ్గర కుల్‌తెపె అనే దిబ్బ ఉంది, అక్కడ దొరికిన పలకలు 22,000 దాటాయి. ఎక్కువ భాగం క్రీ.పూ. 19వ శతాబ్దానివి, ఎక్కువ భాగం ప్రైవేటు వర్తకుల ఇళ్లలో దొరికినవి. నేటి ఇరాక్‌లోని అస్సూర్ నగరం నుంచి గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని అనటోలియా (ఇప్పటి టర్కీ) వెళ్లి వెండి, బంగారం తెచ్చుకునేవాళ్లు. అప్పులు, వాటాలు, నష్టాలు, కోర్టు గొడవలు, సుంకం ఎగ్గొట్టే దొంగదారులు అన్నీ ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. లమస్సీ అనే ఆవిడ అస్సూర్‌లో బట్టలు నేయించి భర్త పూషుకేన్‌కి పంపుతూ, డబ్బు పంపలేదని నిలదీస్తూ రాసిన ఉత్తరాలు చదివాక పొలాని మాట నిలబడదు. లార్సెన్ రాసిన 'ఏన్షియంట్ కానేష్' (2015) ఈ మొత్తాన్ని ఒక్కచోట పెడుతుంది. జీవితమంతా ఆ పలకలతో గడిపిన మనిషి రాసింది. ఫిన్లే తరవాత నెల ఇదే చదవండి, గట్టిగా చెబుతున్నాను.

తాళపత్రం:
ఇద్దరికీ ధన్యవాదాలు, ఇలాంటి సలహా కోసమే అడిగాను. ఒక సందేహం. ఫిన్లే చెప్పింది ఇప్పుడు చాలావరకు ఒప్పుకోరంటున్నారు కదా, నెలకో పుస్తకమే చదవగలిగిన నాలాంటివాడు పాతబడిన వాదనకి ఒక నెల ఇవ్వాలా? కొత్త పుస్తకంలో రెండు పేజీల్లో ఆయన సారం దొరుకుతుంది కదా?

ఫుట్‌నోట్:
ఇవ్వాలి. సారం చదివితే ఆయన ముగింపు తెలుస్తుంది, ఆ ముగింపుకి ఎలా వచ్చాడో తెలియదు. ప్రత్యర్థి రాసిన సారంలో ఎప్పుడూ బలహీనమైన ఫిన్లేనే కనిపిస్తాడు. అసలు పుస్తకంలో ఆయన అడిగే ప్రశ్న వేరు, 'ఎంత వ్యాపారం జరిగింది' అని కాదు, 'ఆ మనుషులు డబ్బు గురించి ఎలా ఆలోచించారు' అని. మొదటిదానికి లెక్కలతో జవాబు చెప్పొచ్చు, రెండోదానికి చెప్పలేం.

ఓడరేవు:
ఆ లెక్కల గురించి నేను చెబుతాను, నా ఇష్టం అంతా అక్కడే. 1992లో పార్కర్ మధ్యధరా సముద్రంలో మునిగిన ఓడల జాబితా వేశాడు, వెయ్యికి పైగా ఉన్నాయి, క్రీ.పూ. 1, క్రీ.శ. 1 శతాబ్దాల దగ్గర గుట్టలా పెరిగి తరవాత తగ్గిపోతాయి. 1994లో గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో సీసం ఆనవాళ్లు కొలిచారు, రోమన్ల కాలంలో వెండి కోసం ఖనిజం కరిగించిన పొగ అక్కడిదాకా వెళ్లి పడింది. 2018లో మళ్లీ, ఈసారి ఇంకా సన్నని పొరల దాకా వెళ్లి కొలిచారు. యుద్ధాలు, తెగుళ్లు వచ్చినప్పుడు సీసం తగ్గడం కూడా అందులో కనబడుతుంది. ఒక్క పుస్తకం కూడా రాయని గనికార్మికుడి పని మంచులో నమోదై ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే ఈ గ్రాఫులు చూసి తొందరపడొద్దు. మునిగిన ఓడ కనబడేది దానిలోని ఆంఫొరాల, అంటే నూనె, ద్రాక్షసారా నింపే మట్టికుండల గుట్ట వల్ల. తరవాతి కాలంలో చెక్క పీపాలు వాడకంలోకి వచ్చాయి, అవి నీళ్లలో కుళ్లిపోతాయి, దాంతో ఆ ఓడలు మన కంటికి ఆనవు. అంటే గ్రాఫు పడిపోయినంత మాత్రాన వ్యాపారం పడిపోయిందని చెప్పలేం. ఏ లెక్క చదివినా ఇది దొరకడం తగ్గిందా, జరగడం తగ్గిందా అని అడగండి.

ఇంకోటి, మీ ప్లాన్‌లో సముద్రం మీద వర్తకానికి చోటుండాలి. వియన్నాలో ఉన్న ముజిరిస్ పపైరస్ (ముజిరిస్ అంటే కేరళ తీరంలోని పాత రేవు) గురించి తప్పకుండా చదవండి, 1985లో ప్రచురించారు. 2వ శతాబ్దానిది, ఒకవైపు అప్పు ఒప్పందం, రెండోవైపు హెర్మపొల్లోన్ అనే ఓడ సరుకు విలువ లెక్క. నాలుగో వంతు సుంకం పోగా ఒక్క ఓడ సరుకు దాదాపు 70 లక్షల సెస్టెర్సులు (రోమన్ నాణేలు). దీనితోపాటు ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ (ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం వర్తకం మీద పాత గ్రీకు పుస్తకం) చదవాలి, లయొనెల్ కాసన్ 1989 అనువాదంలో వ్యాఖ్యానమే మూలం కంటే ఎన్నో రెట్లు పెద్దది, నిజానికి అదే మీకు కావలసిన ఆధునిక పరిశోధన.

నిదానం:
అందరూ మంచి పుస్తకాలే చెబుతున్నారు, కానీ ఇలా చేర్చుకుంటూ పోతే మార్చి నాటికి ఈయనకి టెన్షన్ మొదలై మానేస్తారు. కాబట్టి పుస్తకాల పేర్ల కంటే చదివే పద్ధతి గురించి రెండు మాటలు చెబుతాను.

పరిశోధన గ్రంథాన్ని నవలలా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవక్కర్లేదు. ముందుమాట, చివరి అధ్యాయం మొదట చదవండి, వాదన ఏమిటో ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాసుకోండి. ఆ తరవాత ఆ వాదన ఏ అధ్యాయం మీద నిలబడి ఉందో చూసుకుని దాన్ని నిదానంగా, ఫుట్‌నోట్లతో సహా చదవండి. మిగతావి వేగంగా తిప్పేయొచ్చు. ఉదాహరణకి ఫ్రెంచి చరిత్రకారుడు పియెర్ బ్రియాన్ రాసిన పర్షియా సామ్రాజ్య చరిత్ర ఇంగ్లిషులో వెయ్యి పేజీలు దాటుతుంది, దాన్ని వరసగా చదవాలని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదట్లో వచ్చే రాజు కంబైసెస్ దగ్గరే ఆగిపోతారు. డేరియస్ పాలన, పన్నులు, రహదారులు, కూలీల మీద ఉన్న అధ్యాయాలు మాత్రం చదివితే చాలు, పుస్తకం మీ చేతికి వచ్చేసినట్టే.

సమీక్షలు పుస్తకానికి ముందు కాదు, తరవాత చదవండి. ముందే చదివితే మీ బుర్రతో మీరు ఆలోచించరు. బ్రిన్ మార్ క్లాసికల్ రివ్యూ 1990 నుంచి వస్తోంది, అంతా ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంది. ఒక పుస్తకం పూర్తయ్యాక అక్కడికెళ్లి ఆ రంగంలోవాళ్లు ఏ పేజీ దగ్గర ఆగి అభ్యంతరం చెప్పారో చూడండి. మీకు తట్టని అభ్యంతరం కనబడితే మళ్లీ ఆ పేజీకి వెళ్లండి. ఇక ఏడాదిలో కనీసం ఒక నెల ఖాళీగా వదిలేయండి, వెనకబడినవి అందులో పూర్తవుతాయి.

కొత్తచూపు:
ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ వ్యాపారం, సామ్రాజ్యం, ఓడలు. ఆ ఓడల్లోకి సరుకు ఎక్కించినవాళ్లు, గనుల్లో దిగినవాళ్లు ఎవరు? బానిసత్వానికి ఒక నెల లేకుండా ప్రాచీన ప్రపంచం మీద ఏడాది చదివానని అనుకోవడం నాకు ఒప్పుదల కాదు. కీత్ హాప్కిన్స్ 'కాంకరర్స్ అండ్ స్లేవ్స్' (1978) తీసుకోండి. యుద్ధానికి వెళ్లిన రైతు పొలం పెద్దవాళ్ల చేతికి ఎలా పోయింది, ఆ యుద్ధంలో పట్టుబడ్డవాళ్లే ఆ పొలంలో బానిసలుగా ఎలా దిగారు, ఈ చక్రాన్ని ఒక్క అధ్యాయంలో చూపిస్తాడు. ఇటలీలో 20 లక్షల మంది బానిసలని ఆయన లెక్కగట్టాడు, తరవాత వాల్టర్ షైడెల్ అనే చరిత్రకారుడు ఆ సంఖ్యని బాగా తగ్గించాడు. ఎవరి లెక్క ఏ ఊహల మీద నడిచిందో పక్కపక్కన పెట్టి చూడటం మంచి చదువు. పక్కన ఒర్లాండో ప్యాటర్సన్ 'స్లేవరీ అండ్ సోషల్ డెత్' (1982) పరిచయం అయినా చదవండి, బానిసని ఆస్తిగా మాత్రమే నిర్వచించడం ఎందుకు చాలదో అందులో ఉంది.

ఆడవాళ్ల గురించి విడిగా ఒక పుస్తకం అంటే సారా పొమరాయ్ 1975లో రాసింది ఈ విషయంలో దారి వేసింది. కానీ ఆడవాళ్లని ఒక నెలకి సర్దేసి మిగతా పదకొండు నెలలు మర్చిపోవడం కూడా నాకు నచ్చదు. ఇటుకరాత గారు చెప్పిన లమస్సీ ఉత్తరాలు ఉన్నాయి, పర్షియన్ల రాజధాని పెర్సెపొలిస్‌లో దొరికిన పలకల్లో బిడ్డని కన్న కూలీ స్త్రీలకి ఇచ్చిన అదనపు ధాన్యం లెక్కలు ఉన్నాయి, మగబిడ్డ పుడితే ఎక్కువ. ఏ పుస్తకం తీసుకున్నా సూచికలో వాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చూసుకోండి.

ఇటుకరాత:
పెర్సెపొలిస్ పలకల మాట వచ్చింది కాబట్టి: 1933లో దొరికాయి, ఎక్కువ ఎలమైట్ (నైరుతి ఇరాన్‌లోని పాత భాష) లో ఉన్నాయి, హాలక్ 1969లో రెండు వేలకి పైగా పాఠాలు అచ్చు వేశాడు. అవి రాకముందు పర్షియా అంటే గ్రీకులు చెప్పిన పర్షియానే. బ్రియాన్ పుస్తకం (ఫ్రెంచిలో 1996, ఇంగ్లిషులో 2002) ఎందుకు అంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం అవుతుంది. తాళపత్రం గారు హెరొడోటస్ చదివి ఉన్నారు, మీకు ఆ తేడా మొదటి వంద పేజీల్లోనే తగులుతుంది.

తాళపత్రం:
పర్షియా ఖాయం అయితే. మరి భారతదేశం, చైనా? ఇవి లేకుండా ప్రాచీన ప్రపంచం అంటే గ్రీసు, రోమ్, వాటి చుట్టుపక్కల అన్నట్టే అవుతుంది. అలాగని అన్నీ పెడితే నిదానం గారు చెప్పినట్టు మార్చికే ఆగిపోతాను.

ఫుట్‌నోట్:
అశోకుణ్ని పెట్టుకోండి, పర్షియా తరవాత నెలే. రొమిలా థాపర్ 1961 పుస్తకం అశోకుడి ధమ్మాన్ని విశాల సామ్రాజ్యాన్ని కలిపి ఉంచడానికి తీసుకున్న విధానంగా చూస్తుంది. పాట్రిక్ ఒలివెల్ 2023 పుస్తకం బౌద్ధ గాథల్లోని అశోకుణ్ని పక్కనపెట్టి శాసనాల్లో మాట్లాడే మనిషినే పట్టుకుని, ఆయన ఒక నైతిక తత్వాన్ని నిజంగా నమ్మి ప్రచారం చేశాడంటుంది. ఒకే శాసనాలు, రెండు వేర్వేరు వ్యాఖ్యానాలు. శాసనాలు మొత్తం కలిపినా కొద్ది పేజీలే కాబట్టి మూలం కూడా పక్కనే పెట్టుకుని ఎవరు ఎక్కడ ఎక్కువ లాగారో మీరే చూడొచ్చు. 1958లో కాందహార్‌లో బయటపడ్డ శాసనం గ్రీకు, అరామిక్ భాషల్లో ఉంది. పర్షియన్ల పాలనలో కార్యాలయ భాష అరామిక్. బ్రియాన్ చదివి వెంటనే ఇక్కడికి వస్తే ఆ ఒక్క రాయి మీద రెండు నెలల చదువు కలుస్తుంది.

ఒక జాగ్రత్త. మౌర్యుల పాలన అనగానే అర్థశాస్త్రం ఎత్తుకునే పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. శామశాస్త్రి 1909లో అచ్చు వేసినప్పటి నుంచి చాలామంది దాన్ని చంద్రగుప్తుడి మంత్రి రాసినట్టే తీసుకున్నారు. 1971లో ట్రౌట్‌మన్ పదాల వాడుక లెక్కవేసి అది ఒక్క చేతి రాత కాదన్నాడు. ఒలివెల్ తన 2013 అనువాదంలో దాన్ని మౌర్యుల తరవాతి కాలానికి తెచ్చాడు. కాబట్టి ఏ పుస్తకం చదువుతున్నా అచ్చైన సంవత్సరం చూసి, అప్పటికి ఈ చర్చ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోండి.

ఓడరేవు:
చైనాకి ఈ ఏడాది న్యాయం చేయలేరు, ఒక్క పుస్తకంతో సరిపెట్టండి. మార్క్ ఎడ్వర్డ్ లూయిస్ 'ది ఎర్లీ చైనీస్ ఎంపైర్స్' (2007). 1975లో షుయిహుదిలో ఒక చిన్న అధికారి సమాధిలో దొరికిన వెదురు పట్టీల మీద చిన్ రాజ్యపు చట్టాలు ఉన్నాయి, ఆ పట్టీలు ఎంత మార్చాయో ఇందులో తెలుస్తుంది.

తాళపత్రం:
సరే, మళ్లీ గీశాను. ముందు ఫిన్లే, వెంటనే లార్సెన్. తరవాత కాసన్ పెరిప్లస్, ముజిరిస్ మీద వ్యాసాలు. ఆ పైన కంచుయుగం ముగింపు, ఎరిక్ క్లైన్ '1177 బి.సి.', 2021లో సవరించిన ముద్రణ. జూన్ ఖాళీ. జులై, ఆగస్టు బ్రియాన్, సెప్టెంబరు అశోకుడు, అక్టోబరు హాప్కిన్స్. నవంబరు, డిసెంబరు రోమ్ పతనం. లూయిస్ జూన్‌లో సమయం మిగిలితే. రోమ్ పతనానికి ఏ రెండు ఎదురెదురు పుస్తకాలు తీసుకోమంటారు?

నిదానం:
పీటర్ బ్రౌన్ 'ది వరల్డ్ ఆఫ్ లేట్ యాంటిక్విటీ' (1971), బ్రయన్ వార్డ్-పెర్కిన్స్ 'ది ఫాల్ ఆఫ్ రోమ్ అండ్ ది ఎండ్ ఆఫ్ సివిలైజేషన్' (2005). రెండూ చిన్నవి, రెండూ హాయిగా చదివిస్తాయి. బ్రౌన్ పతనం అనే చూపునే వదిలేసి, ఆ శతాబ్దాల్లో మతం, ఆలోచన, మనుషుల లోపలి జీవితం ఎలా కొత్తగా మారాయో చూస్తాడు. వార్డ్-పెర్కిన్స్ కుండలు, ఇంటికప్పు పెంకులు, పశువుల ఎముకలు ముందు పెట్టి, మామూలు రైతు ఇంట్లో కూడా ఉన్న మంచి కుండ ఒక్క తరం, రెండు తరాల్లో మాయమైతే దాన్ని మార్పు అని సరిపెట్టొద్దంటాడు. బ్రిటన్‌లో బతుకు రోమన్లు రాకముందు ఉన్నదానికంటే కిందికి పోయిందని ఆయన వాదన. ఇద్దరినీ చదివాక నాకనిపించేది ఇద్దరూ వేర్వేరు వస్తువులు కొలుస్తున్నారని. సన్యాసి జీవితం రాసినవాడికి పెంకు అక్కర్లేదు, కానీ ఇంటి మీద పెంకు లేనివాడి సంగతి ఎవరో ఒకరు రాయాలి.

ఫుట్‌నోట్:
కైల్ హార్పర్ 'ది ఫేట్ ఆఫ్ రోమ్' (2017) కూడా చేర్చండి, వాతావరణం, అంటువ్యాధులు రోమ్‌ని కూల్చాయన్న వాదన ఇప్పుడు ఎక్కడ చూసినా వినబడుతోంది.

కొత్తచూపు:
చేర్చండి, ఒంటరిగా మాత్రం వద్దు. తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కాలంలో 541లో మొదలైన ప్లేగు నిజంగా ప్లేగే, అందులో సందేహం లేదు, బవేరియాలో ఆష్‌హైమ్ శ్మశానంలోని అస్థిపంజరాల నుంచి ఆ బాక్టీరియా డీఎన్ఏ తీశారు, 2013లో. అది జనాభాని ఎంత తగ్గించిందన్నది వేరే ప్రశ్న. 2019లో మోర్డెకై, ఆయన సహచరులు పపైరస్‌లు, శాసనాలు, నాణేలు, పుప్పొడి అన్నీ చూసి, సగం జనం పోయినంత గుర్తు వీటిలో ఎక్కడా లేదన్నారు. దానికి జవాబులూ వచ్చాయి. క్రిమి ఉందని ల్యాబ్ చెప్పగలదు, ఎంతమంది పోయారో చెప్పలేదు. ఈ తేడా పట్టుకుంటే డీఎన్ఏతో చరిత్ర రాసే ఏ పుస్తకాన్నయినా మీరు ధైర్యంగా చదవగలరు.

తాళపత్రం:
డిసెంబరుకి హార్పర్, మోర్డెకై వ్యాసం కలిపి పెట్టుకున్నాను, బ్రౌన్, వార్డ్-పెర్కిన్స్ నవంబరులోనే అయిపోవాలి. చివరిగా ఒకటి, మ్యాపులు ఎక్కడ చూసుకోవాలి? పుస్తకాల్లో వేసేవి సగం ఊళ్లు చూపించవు.

ఓడరేవు:
రిచర్డ్ టాల్బర్ట్ సంపాదకత్వంలో 2000లో వచ్చిన బారింగ్టన్ అట్లాస్ ఉంది, బ్రిటన్ నుంచి భారతదేశం దాకా గ్రీకు, రోమన్ ప్రపంచం అంతా ఉంటుంది. లైబ్రరీలో చూడండి, పెద్దది. ఆ సమాచారం నుంచే పుట్టిన ప్లయడీస్ అనే సైటు ఉచితం, ఊరి పాత పేరు కొడితే చోటు చూపిస్తుంది. ఇక ఫిన్లే చదివే నెలలో స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఆర్బిస్ అనే సైటు తెరిచి పెట్టుకోండి, 2012లో పెట్టారు. రోమన్ కాలంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఏ నెలలో, ఏ దారిలో, ఎన్ని రోజులు, ధాన్యం రవాణాకి ఎంత ఖర్చు అని లెక్క చెబుతుంది. ఖర్చులకి రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ 301లో ఇచ్చిన ధరల శాసనం ఆధారం. అలెగ్జాండ్రియా నుంచి రోమ్‌కి ఓడలో ఒకసారి, ఏదైనా లోతట్టు ఊరి నుంచి బండి మీద ఒకసారి వేసి చూడండి. బండి రవాణా ఎంత భారమో ఫిన్లే ఎందుకు అన్నిసార్లు చెబుతాడో ఆ రెండు అంకెల్లో కనబడుతుంది.